అమోస్ అలొంజో స్టాగ్: ఆచార్య పదవిలో కూర్చున్న ఫుట్‌బాల్ కోచ్ (చర్చ)

మిడ్‌వెస్ట్ తెలుగు:

ఈ వేదికలో అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ (సాకర్ కాదు, బంతిని చేత్తో పట్టుకుని ఆడే అమెరికన్ ఆట) గురించి ఇంతకు ముందు నడిచిన చర్చలన్నీ కోచ్‌ల జీతాల దగ్గర మొదలై అక్కడే ఆగిపోయాయి. చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వోద్యోగులందరిలోకీ పెద్ద జీతం గవర్నరుది కాదనీ, రాష్ట్ర విశ్వవిద్యాలయపు ఫుట్‌బాల్ కోచ్‌దో బాస్కెట్‌బాల్ కోచ్‌దో అనీ ఇక్కడ చదువుకుంటున్న మన పిల్లలందరికీ తెలుసు. కానీ చదువు చెప్పే సంస్థలో ఆట నేర్పే మనిషికి అంతటి స్థానం ఎలా దక్కిందని మనం ఎప్పుడూ నిలదీసి అడగలేదు. ఆ జవాబు కోసం వెనక్కి వెళ్తే స్టాగ్ దగ్గర ఆగవలసి వస్తుంది కనుక ఈ చర్చను ఆయన పేరు మీదనే తెరుస్తున్నాను.

తెలియని వారి కోసం క్లుప్తంగా: ఆయన 1862 ఆగస్టు 16న న్యూజెర్సీలోని వెస్ట్ ఆరెంజ్‌లో, చెప్పులు కుట్టి జీవించే కుటుంబంలో పుట్టారు. యేల్‌లో బేస్‌బాల్ పిచ్చర్‌గా పేరు తెచ్చుకున్నారు. 1889లో ప్రకటించిన మొట్టమొదటి ఆల్ అమెరికా ఫుట్‌బాల్ జట్టులోనూ (అంటే దేశంలోని మేటి కాలేజీ ఆటగాళ్ల జాబితాలోనూ) చోటు సంపాదించారు. పాదరీ కావాలని వేదాంత విద్యలో చేరి, ప్రసంగం చేయడం తన వల్ల కాదని తేల్చుకుని, మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్ వైఎంసీఏ శిక్షణ పాఠశాలకు వెళ్లిపోయారు. అక్కడ 1890లో కోచ్‌గా మొదలైన ఉద్యోగం 1892 నుంచి 1932 వరకు షికాగో విశ్వవిద్యాలయంలోనూ, 1933 నుంచి 1946 వరకు కాలిఫోర్నియాలోని పసిఫిక్ కాలేజీలోనూ సాగింది. అంటే ప్రధాన కోచ్‌గానే 57 ఏళ్లు. 1965లో, 102 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

షికాగోలో ఆయన కోచ్ మాత్రమే కారు. శారీరక విద్య, క్రీడల శాఖకు అధిపతి కూడా. నా అభిప్రాయంలో ఆయన గురించి మాట్లాడవలసింది గెలుపోటముల కన్నా ఆ రెండో పదవిని గురించే. సభ్యులు ఏమంటారు?

గ్రంథపాలుడు:

మంచి చోట మొదలుపెట్టారు. ఆ నియామకం ఎలా జరిగిందో చూస్తే మీరు చెప్పిన రెండో పదవి ఎంత అసాధారణమైనదో అర్థమవుతుంది.

షికాగో విశ్వవిద్యాలయపు మొదటి అధ్యక్షుడు విలియం రైనీ హార్పర్ అంతకు ముందు యేల్‌లో హీబ్రూ భాషను, బైబిలును బోధించినవారు. స్టాగ్ అక్కడ ఆయన శిష్యుడు. రాక్‌ఫెల్లర్ ధనంతో ఇంకా తలుపులు తెరవని విశ్వవిద్యాలయానికి ఆచార్యులను వెతుకుతున్న రోజుల్లోనే హార్పర్ స్టాగ్‌ను పిలిపించి 1,500 డాలర్ల జీతం ఇస్తామన్నారు. స్టాగ్ ఆలోచిస్తూ ఊరుకున్నారు. ఆ మౌనాన్ని అయిష్టంగా భావించిన హార్పర్ 2,000 డాలర్లూ, సహాయాచార్య హోదా అన్నారు. అప్పటికీ జవాబు రాకపోయేసరికి 2,500 డాలర్లతో పాటు జీవితాంతం ఉండే అసోసియేట్ ప్రొఫెసర్ పదవి ఇస్తామన్నారు. స్టాగ్ తాను బేరమాడలేదనీ, నిజంగానే ఆలోచిస్తున్నాననీ చెప్పుకున్నారు. ఏమైతేనేం, అమెరికాలో ఒక క్రీడా శిక్షకుడికి బోధకవర్గంలో శాశ్వత పదవి దక్కడం అలా మొదలైంది.

హార్పర్ ఉద్దేశం కూడా దాపరికం లేనిదే. దేశమంతా తిరిగి ఇతర కాలేజీలను ఓడించే జట్లు కావాలని ఆయన స్టాగ్‌కు ముందే చెప్పారు. పాత విశ్వవిద్యాలయాలకు రెండు వందల ఏళ్ల పేరుంది. కొత్తదానికి పేరు త్వరగా రావాలంటే పత్రికల మొదటి పేజీలో పడాలి. 1894 క్రిస్మస్ రోజున షికాగో జట్టు శాన్‌ఫ్రాన్సిస్కోలో స్టాన్‌ఫర్డ్‌ను 24–4తో ఓడించింది. ఖండం ఆ చివరి దాకా రైలెక్కి వెళ్లి ఫుట్‌బాల్ ఆడి రావడం ఆ కాలంలో ఎంత పెద్ద ప్రచారమో ఊహించుకోవచ్చు. అవతలి జట్టుకు కోచ్ వాల్టర్ క్యాంప్, అంటే యేల్‌లో స్టాగ్‌కు ఆట నేర్పిన గురువే.

పాత పీడీ:

అయ్యా, నేను కోస్తా జిల్లాల్లోని ఒక డిగ్రీ కాలేజీలో ఫిజికల్ డైరెక్టరుగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. మీరు రాసిన ఆ ‘శాశ్వత ఆచార్య పదవి’ అన్న మాట చదివినప్పుడు మా ఉద్యోగ జీవితమంతా కళ్లముందు తిరిగింది. స్టాఫ్ రూములో పీడీకి కుర్చీ ఉంటుంది కానీ, అకడమిక్ కౌన్సిల్లో మాట ఉండదు. పరీక్షలప్పుడు ఇన్విజిలేషనుకూ, వార్షికోత్సవానికి షామియానాలు వేయించడానికీ మాత్రం అందరికీ గుర్తొస్తాడు. కాబట్టి స్టాగ్‌కు దక్కిన హోదాను కేవలం అహంకారపు మెట్టుగా చూడకండి. శరీరాన్ని తీర్చిదిద్దడం కూడా విద్యలో భాగమేనని ఒక విశ్వవిద్యాలయం రాతపూర్వకంగా ఒప్పుకోవడం చిన్న విషయం కాదు.

మనకూ ఆ స్ప్రింగ్‌ఫీల్డ్‌కూ సంబంధం ఉందని ఎంతమందికి తెలుసో! జేమ్స్ నైస్మిత్ బాస్కెట్‌బాల్‌ను కనిపెట్టింది అక్కడే. ఆయన స్టాగ్ జట్టులో ఫుట్‌బాల్ కూడా ఆడారు. 1892 మార్చిలో జనం ముందు జరిగిన తొలి బాస్కెట్‌బాల్ ఆటలో విద్యార్థులు అధ్యాపకులను 5–1తో ఓడించగా, అధ్యాపకుల తరఫున ఆ ఒక్క గోలూ వేసింది స్టాగే. ఆ పాఠశాలలోనే తరువాత శిక్షణ పొందిన హ్యారీ క్రో బక్ మద్రాసు వచ్చి 1920లో వైఎంసీఏ శారీరక విద్యా కళాశాలను స్థాపించారు. మా ముందు తరం పీడీలలో చాలామంది నందనంలోని ఆ కాలేజీలో చదివినవారే. 1924 పారిస్ ఒలింపిక్స్‌కు వెళ్లిన భారత జట్టుకు బక్ మేనేజరు. అదే ఒలింపిక్స్‌లో అమెరికా అథ్లెటిక్స్ జట్టు కోచ్‌లలో స్టాగ్ ఒకరు. మన హైస్కూలు మైదానాల్లో పడిన వైఎంసీఏ పద్ధతికీ, షికాగో పద్ధతికీ మూలం ఒకటేనన్నమాట. మనకు డబ్బు రాలేదు, వారికి వచ్చింది.

కరకట్ట:

పీడీ మాస్టారికి నమస్కారం. మీ మాటతో విభేదించడం కష్టమే గానీ ఒక సందేహం అడుగుతాను. స్టాగ్ గురించి ఎక్కడ చదివినా ఆయన కనిపెట్టినవాటి చాంతాడంత జాబితా కనిపిస్తుంది: ట్యాక్లింగ్ (ఎదుటి ఆటగాణ్ణి పట్టి పడేయడం) నేర్చుకునే బొమ్మ, హడిల్ (ఆట మధ్యలో ఆటగాళ్లు గుమిగూడి ఎత్తుగడ చెప్పుకోవడం), చొక్కాల మీద అంకెలు, క్రీడాకారులకు చొక్కా మీద కుట్టుకునే విశ్వవిద్యాలయపు అక్షరం బహూకరించడం, బేస్‌బాల్‌లో బ్యాటింగ్ అభ్యాసానికి వలతో కట్టే బ్యాటింగ్ కేజ్. ఇవన్నీ ఒక్క మనిషే చేశాడంటే నమ్మశక్యంగా లేదు.

గ్రంథపాలుడు:

మీ సందేహం న్యాయమైనదే. వాటిలో కొన్నింటిని ఇతరులు కూడా తమవని చెప్పుకున్నారు. అయితే ఎత్తుగడలను ముందుగా కాగితం మీద గీసి, ఆటగాళ్లకు పాఠంలా చెప్పి, తరువాత మైదానంలో అభ్యాసం చేయించే అలవాటును స్థిరపరచిన తొలితరం వారిలో ఆయన ముఖ్యుడన్నదానికి తిరుగులేదు. ఆయన భార్య స్టెల్లా ఆటలు చూసి ఎత్తుగడలను నమోదు చేసి ఇచ్చేవారు. ఆ ఇంట్లో భోజనాల బల్ల మీద కూడా అదే చర్చ నడిచి ఉంటుందని నా ఊహ. నిబంధనల సంఘంలో 1904 నుంచి ఆయన సభ్యుడు. తూర్పు తీరపు కాలేజీలదే రాజ్యంగా ఉన్న ఆ సంఘంలో మధ్య పశ్చిమానికి గొంతు ఇచ్చింది ఆయనే. నాకు మాత్రం బొమ్మలూ హడిల్ కన్నా ఈ సభ్యత్వమే పెద్దదిగా కనిపిస్తుంది. ఆట నేర్పేవాడే ఆట నియమాలనూ రాస్తూ, ఆ ఆటకు వచ్చే టికెట్ల డబ్బునూ తానే లెక్కచూస్తూ ఉండటాన్ని ఒకసారి ఆలోచించండి.

మిడ్‌వెస్ట్ తెలుగు:

సరిగ్గా నేను అనుకున్న చోటికే వచ్చారు. స్టాగ్ శాఖ బడ్జెటు బోధకవర్గపు సంఘాల చేతిలో ఉండేది కాదు. ఆయన నేరుగా అధ్యక్షుడికే జవాబుదారీ. ఆ అధ్యక్షుడు హార్పర్ అయినంతకాలం అడ్డు లేదు. ఫుట్‌బాల్ మీద వచ్చిన ఆదాయం ఆ శాఖకే చేరేది. అంటే ఇతర ఆచార్యులు తమ ప్రయోగశాలకు ఒక పరికరం కావాలన్నా అర్జీలు పెట్టుకుంటుంటే, స్టాగ్ తన రాజ్యాన్ని తానే ఏలుకున్నాడు.

దీని ఫలితం 1905లో బయటపడింది. ఆ ఏడాది నవంబరు 30న, థాంక్స్‌గివింగ్ నాడు, వరుసగా 56 ఆటల్లో ఓటమి ఎరుగని మిషిగన్ జట్టును షికాగో 2–0తో ఓడించింది. మిషిగన్ ఆటగాడు తమ గోల్ గీత వెనకాలే దొరికిపోవడంతో వచ్చిన సేఫ్టీ ఒక్కటే ఆ ఆటలో స్కోరు. అంతటి సంబరం జరుగుతున్న నెలలోనే కోలియర్స్ పత్రిక మధ్య పశ్చిమ విశ్వవిద్యాలయాలు ఆటగాళ్లను ఎలా కొనుక్కుంటున్నాయో వరుస వ్యాసాలు ప్రచురించింది. షికాగో పేరు అందులో ముందువరుసలోనే ఉంది. జట్టు ఎత్తుగడలను మైదానంలో నడిపించే ఆటగాడు, అంటే క్వార్టర్‌బ్యాక్, వాల్టర్ ఎకర్సాల్ చదువులో ఎంత వెనకబడి ఉన్నాడో, అయినా ఆడుతూ ఎలా ఉన్నాడో దాని ద్వారా లోకానికి తెలిసింది. మూడేళ్లు వరుసగా ఆల్ అమెరికా గౌరవం పొందిన ఆ కుర్రవాణ్ణి, ఆడటానికి అర్హత ముగిసిన వెంటనే విశ్వవిద్యాలయం బయటికి పంపేసింది. తరువాత అతను షికాగో ట్రిబ్యూన్‌లో క్రీడా రచయిత అయ్యాడనుకోండి, కానీ డిగ్రీ మాత్రం చేతికి రాలేదు.

కరకట్ట:

ఆ ఎకర్సాల్ సంగతి చదివాక మనసు కలుక్కుమంది. ఇప్పుడు మన ఇంజనీరింగ్ కాలేజీలు ర్యాంకరు ఫోటోను హోర్డింగు మీద వేసుకున్నట్టు, అప్పుడు వాళ్లు ఆ పిల్లవాణ్ణి వేసుకున్నారు. ఇంతకీ ఆ గొడవ మీద చర్య ఏమైనా తీసుకున్నారా?

గ్రంథపాలుడు:

తీసుకున్నారు, కానీ ఆ చర్యలకు అసలు కారణం మైదానంలో జరిగిన మరణాలు. గుంపులుగా దూసుకుపోయే నాటి పద్ధతిలో 1905 సీజనులో దేశవ్యాప్తంగా కనీసం 18 మంది చనిపోయారు. అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ అక్టోబరులోనే హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ ప్రతినిధులను వైట్‌హౌస్‌కు పిలిచి మాట్లాడారు. డిసెంబరులో న్యూయార్క్‌లో జరిగిన సమావేశాల నుంచే, 1910లో ఎన్‌సీఏఏ అని పేరు మార్చుకున్న, కాలేజీ క్రీడలను నియంత్రించే జాతీయ సంఘం పుట్టింది. ముందుకు బంతి విసరడాన్ని 1906లో చట్టబద్ధం చేసిన నిబంధనల సంఘంలో స్టాగ్ ఉన్నారు. ఆ కొత్త వెసులుబాటును బాగా వాడుకున్నవారిలోనూ ఆయన ఒకరు.

మధ్య పశ్చిమంలో, నేడు బిగ్ టెన్ అని పిలిచే కూటమి, ఏడాదికి అయిదే ఆటలనీ, మూడేళ్లే ఆడాలనీ కట్టుబాట్లు పెట్టింది. అవి నచ్చక మిషిగన్ కొన్నాళ్లకు కూటమి వదిలి వెళ్లిపోయింది. హార్పర్ 1906 జనవరిలో కాన్సర్‌తో మరణించారు. కట్టుబాట్లు వచ్చాయి గానీ స్టాగ్ శాఖ స్వయంప్రతిపత్తికి మాత్రం భంగం కలగలేదు. 1907, 1908, 1913లలో కూటమి విజేత మళ్లీ షికాగోయే.

పాత పీడీ:

నేను ఒక మాట అడ్డు చెప్పక తప్పదు. మీరందరూ కలిసి ఆయన్ని వ్యాపారిని చేసేస్తున్నారు. యేల్‌లో ఉన్నప్పుడు న్యూయార్క్ బేస్‌బాల్ జట్టు డబ్బిచ్చి పిలిస్తే వెళ్లని మనిషి ఆయన. పొగతాగరు, మద్యం ముట్టరు, బూతు మాట నోట రాదు. ఆటగాడి మీద మరీ కోపం వస్తే ‘గాడిద’ అనేవారట, ఇంకా ఎక్కువైతే ‘జోడు గాడిద’. 1923లో ఆదివారాల్లో జరిగే వృత్తి ఫుట్‌బాల్‌ను కాలేజీ ఆటకు ముప్పుగా వర్ణిస్తూ బహిరంగ లేఖ రాశారు. కూలి కోసం ఆడితే ఆటలోని శీలం పోతుందన్నది ఆయన మతవిశ్వాసంతో పాటు పెరిగిన నమ్మకం. దాన్ని నటన అనగలమా?

మిడ్‌వెస్ట్ తెలుగు:

నటన అని నేను అనను మాస్టారూ. ఆ నమ్మకం నిజమైనది కాబట్టే చిక్కు పెద్దదైంది అంటాను. డబ్బు ఆటగాడి చేతికి చేరితే పాపం. అదే డబ్బు శాఖ ఖాతాకు చేరి వ్యాయామశాలగా, కొత్త గ్యాలరీగా మారితే పుణ్యం. ఈ లెక్కను మనసారా నమ్మిన సజ్జనుడు కుర్చీలో ఉంటే దాన్ని ప్రశ్నించడం ఎవరికి సాధ్యం? అవినీతిపరుడైతే ఏదో ఒక రోజు పట్టుబడేవాడు. అమెరికా కాలేజీ క్రీడలు వంద సంవత్సరాలకు పైగా ఈ లెక్క మీదనే నిలబడ్డాయి. 2021లో తమ పేరు, రూపాలను ప్రకటనల వంటివాటికి వాడనిచ్చి సంపాదించుకునే హక్కు ఆటగాళ్లకు వచ్చింది. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందంతో విశ్వవిద్యాలయాలే వారికి నేరుగా డబ్బు చెల్లించే వీలు ఏర్పడింది. ఎకర్సాల్ కాలానికీ దీనికీ మధ్య ఎంత దూరముందో చూడండి.

ఆయన శిష్యులు ఆ నమూనాను ఎలా మోసుకెళ్లారో కూడా గమనించాలి. షికాగోలో ఆడిన హెర్బర్ట్ క్రిస్లర్‌కు, ప్రసిద్ధ వయొలిన్ విద్వాంసుడు ఫ్రిట్జ్ క్రైస్లర్ నైపుణ్యం ఇసుమంతైనా లేదని వెక్కిరిస్తూ, ‘ఫ్రిట్జ్’ అని పేరు పెట్టింది స్టాగే. ఆ ఫ్రిట్జ్ క్రిస్లర్ తరువాత మిషిగన్‌లో కోచ్‌గానూ, క్రీడా సంచాలకుడిగానూ రెండు పదవులూ కలిపి చేశాడు. అంతకు ముందు అక్కడే ఫీల్డింగ్ యోస్ట్ కూడా క్రీడా శాఖను ఏలాడు. అలబామా విశ్వవిద్యాలయంలో కోచ్ బేర్ బ్రయంట్‌దీ అదే కథ. కోచ్, అధికారి ఒక్కరే కావడం దశాబ్దాల పాటు మామూలు ఏర్పాటుగా చెలామణి అయింది.

షికాగో వాసి:

ఆలస్యంగా చేరుతున్నాను. హచిన్స్ ప్రస్తావన ఇంకా రాలేదేమిటా అని చూస్తున్నాను.

రాబర్ట్ మేనార్డ్ హచిన్స్ 1929లో, ముప్పై ఏళ్ల వయసులో షికాగో విశ్వవిద్యాలయానికి అధ్యక్షుడయ్యారు. అప్పటికే స్టాగ్ జట్టు దిగజారింది; 1924లో గెలిచిన కూటమి విజేత స్థానమే ఆఖరిది. చుట్టుపక్కల రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు వేలకు వేల విద్యార్థులు, ఆటగాళ్లకు అనువైన తేలిక కోర్సులు ఉన్నాయి. షికాగోలో ప్రవేశమూ కష్టం, పాస్ కావడమూ కష్టం. 70 ఏళ్లకు విరమణ అన్న నియమం అందరికీ వర్తించాలని హచిన్స్ పట్టుబట్టారు. స్టాగ్ పనిచేస్తానని కోరినా వినలేదు. సలహాదారు వంటి వేరే పదవి ఇస్తామంటే ఆయన కాదన్నారు. శాశ్వత ఆచార్య పదవి నలభై ఏళ్లు ఏ విమర్శ నుంచైతే ఆయన్ని కాపాడిందో, ఆచార్యులందరికీ వర్తించే వయోపరిమితి నుంచి మాత్రం కాపాడలేకపోయింది.

ఆ తరువాత క్లార్క్ షానెసీ కోచ్‌గా వచ్చారు. ఆయన దగ్గర ఆడిన జే బెర్వాంగర్ 1935లో, ఏటా మేటి కాలేజీ ఆటగాడికి ఇచ్చే, నేడు హైస్మన్ అని పిలిచే బహుమతి తొలి విజేత అయినా, జట్టు మాత్రం లేవలేదు. 1939లో మిషిగన్ చేతిలో 85–0తో ఓడిపోయింది. ఆ డిసెంబరులోనే విశ్వవిద్యాలయం ఫుట్‌బాల్‌ను రద్దు చేసింది. 1946లో కూటమి నుంచి కూడా తప్పుకుంది.

ఆడని స్టేడియం ఏమైందంటే, స్టాగ్ ఫీల్డ్ పశ్చిమ గ్యాలరీ కిందనున్న రాకెట్స్ (స్క్వాష్ వంటి బంతాట) కోర్టులో 1942 డిసెంబరు 2న ఎన్రికో ఫెర్మీ బృందం మానవ నిర్మితమైన తొలి స్వయంపోషక అణు శృంఖల చర్యను సాధించింది. ఇప్పుడు ఆ స్థలంలో రెగెన్‌స్టీన్ గ్రంథాలయం, దాని పక్కన హెన్రీ మూర్ చెక్కిన కంచు శిల్పం ఉన్నాయి. మన పిల్లలు పరీక్షల ముందు రాత్రంతా చదువుకునే ఆ గ్రంథాలయం ఒకప్పటి ఫుట్‌బాల్ మైదానం. షికాగో 1969లో మళ్లీ ఆట మొదలుపెట్టింది; ఇప్పుడు ఎన్‌సీఏఏలో క్రీడా విద్యార్థివేతనాలు లేని స్థాయి అయిన డివిజన్ త్రీలో ఆడుతోంది. ఆ స్థాయి జాతీయ తుది పోటీకి పేరు స్టాగ్ బౌల్.

కరకట్ట:

డబ్బు లేని ఆటకు ఆయన పేరు పెట్టారన్నమాట! పీడీ మాస్టారు గెలిచినట్టేనా?

పాత పీడీ:

గెలుపోటముల మాట అలా ఉంచండి. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది షికాగో తరువాతి జీవితం వల్ల. డెబ్బై ఏళ్లు నిండాక, పింఛను పుచ్చుకుని కూర్చోకుండా స్టాక్‌టన్‌లోని చిన్న కాలేజీలో మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టారు. ఆ కాలేజీకి నిధులు కావాలి గనుక తమకన్నా ఎంతో పెద్ద జట్లతో ఆడి ఓడి రావడానికి ఒప్పుకున్నారు. పసిఫిక్‌లో ఆయన గెలిచిన ఆటల కన్నా ఓడినవే ఎక్కువ. అయినా 1938లో తన పాత షికాగో జట్టును, తన పేరే ఉన్న మైదానంలో 32–0తో ఓడించి వచ్చారు. యుద్ధకాలంలో, 1943లో, నౌకాదళ శిక్షణకు వచ్చిన కుర్రవాళ్లతో మంచి జట్టు కుదిరి, 81 ఏళ్ల వయసులో తోటి కోచ్‌ల చేత ఆ ఏటి మేటి కోచ్‌గా ఎంపికయ్యారు. పసిఫిక్ కూడా వదిలాక పెన్సిల్వేనియాలోని సస్క్వెహన్నాలో కొడుకు పక్కన నిలబడి 1952 వరకు పనిచేశారు. ఆపైన స్టాక్‌టన్ తిరిగి వచ్చి, తొంభై దాటాక కూడా అక్కడి జూనియర్ కాలేజీ పిల్లలకు బంతి తన్నడం నేర్పారు. అక్కడ రాజ్యమేమీ లేదు, మిడ్‌వెస్ట్ గారూ. బడ్జెటూ లేదు.

మిడ్‌వెస్ట్ తెలుగు:

ఆ భాగం గురించి మీతో నాకు పేచీ లేదు మాస్టారూ. నా ఫిర్యాదు ఆ నలభై ఏళ్ల కుర్చీ మీదనే. మనిషిని దాని నుంచి విడదీసి చూస్తే మిగిలేది మీరు చెప్పిన మనిషే.

లెక్కల మనిషి:

చర్చంతా చదివాను. ఎవరూ అసలు అంకె ముట్టుకోలేదు కాబట్టి రాస్తున్నాను. స్టాగ్ పేరు మీద అధికారికంగా ఉన్న విజయాలు 314. బేర్ బ్రయంట్ 1981 నవంబరు 28న ఆబర్న్‌ను 28–17తో ఓడించి 315వ విజయంతో ఆ రికార్డును దాటారు. సస్క్వెహన్నా విజయాలు కొడుకు ఖాతాలో ఉన్నాయి. ఇద్దరూ కలిసే శిక్షణ ఇచ్చారు కనుక వాటిని తండ్రికి కలిపితే బ్రయంట్ రికార్డు ఆ రోజు పూర్తయ్యేది కాదని అప్పట్లో వాదించినవారున్నారు. నాకు ఆ వాదం నిలవదనిపిస్తుంది, ఎందుకంటే ప్రధాన కోచ్‌గా నమోదైన పేరునే లెక్కలోకి తీసుకోవడం రివాజు. బ్రయంట్‌ను 1985లో గ్రాంబ్లింగ్ కోచ్ ఎడ్డీ రాబిన్సన్ దాటారు. నేడు అందరికన్నా పైనున్నది మిన్నెసోటాలోని సెయింట్ జాన్స్‌కు చెందిన జాన్ గాలియార్డి, 489 విజయాలతో. ఆయన జట్టు కూడా డివిజన్ త్రీదే, స్టాగ్ బౌల్ గెలిచినదే.